అందరి జేబుల్లోనూ ఒకే గొంతు

పదిహేడేళ్లుగా తాడేపల్లిగూడెం క్రైస్తవ మహాసభల్లో ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పే మనిషి వరదానం. మూడు రోజుల కన్వెన్షను అది, ముప్పై వేల మంది వస్తారు. కలిదిండి, గణపవరం, అత్తిలి, ఏలూరు చుట్టుపక్కల సంఘాలన్నీ లారీల మీదా ట్రాక్టర్ల మీదా ఆటోల మీదా వచ్చి దిగుతాయి. ఇంతమందినీ వరదానం ఒక చేతికర్రతోనూ ఒక నోటితోనూ సర్దేవాడు. కర్ర ఎవరి మీదా పడలేదు గాని నోరు మాత్రం అందరి మీదా పడేది.

ఆ సర్దుబాటులో ఆయన ఏ ఏడూ తప్పని నియమం ఒకటుంది. కొత్తలంక వాళ్లు తూర్పు గేటు, మూలగట్టు వాళ్లు పడమటి గేటు. కొత్తలంకకు మొదటి పంక్తి భోజనం, మూలగట్టుకు మూడో పంక్తి. కొల్లేట్లో ఈ రెండూళ్ల మధ్యా ఒక చెరువు గట్టుంది, ఒక శవముంది. పదిహేడేళ్ల కిందట వరదల్లో, తమ ఇళ్లు మునిగిపోతున్నాయని మూలగట్టు వాళ్లు పలుగులు పట్టుకుని కొత్తలంక చేపల చెరువు గట్టు తెంపడానికి వచ్చారు. పట్టపగలు, కుంభవృష్టిలో కొట్టుకున్నారు. వరదానం చెల్లెలు సుగుణ మొగుడు యేసురత్నం తల పగిలి బురదలో పడి చచ్చిపోయాడు. "సొంత బావను పోగొట్టుకుని కూడా రెండూళ్లు మళ్లీ తలపడకుండా కాపలా కాస్తున్నాడు, సమాధానకర్త" అని పాస్టరు అయ్యగారు రెండేళ్లకోసారి స్టేజీ మీద శాలువా కప్పేవారు. వరదానం తల వంచుకుని కప్పించుకునేవాడు.

తల ఎందుకు వంచుకునేవాడో ఆయనొక్కడికే తెలుసు. యేసురత్నాన్ని చంపిన దెబ్బ వరదానానిదే. మూలగట్టు వాడెవడి మీదికో విసిరిన పడవ గెడ, అడ్డం వచ్చిన బావ నడినెత్తిన పడింది. ఆ వానలో ఎవరూ చూడలేదు. చూడలేదని తెలిశాక ఆయన నిజం చెప్పలేదు. పైగా పోలీసులు అడిగితే, అవతలి గట్టు మీద కనబడిన మొదటి మొహం ఎవరిదో ఆ పేరు చెప్పాడు: బర్నబా. సమాధి దగ్గర ఏడేళ్ల మేనల్లుడు క్రాంతి కుమార్ "మా నాన్నని ఎవరు కొట్టారు మావయ్యా?" అని అడిగితే వాడికీ అదే పేరు చెప్పాడు. బర్నబా పద్నాలుగు నెలలు జైల్లో ఉండి, సాక్ష్యం చాలక బయటపడి, సొంతూళ్లో తలెత్తుకోలేక అత్తిలిలో కూతురి దగ్గర చేరాడు. మరి రెండూళ్ల వాళ్లూ ఒక పంక్తిలో కూర్చుని నాలుగు ముద్దలు తింటే, మాటా మాటా కలిసి, "మా వాళ్లెవరూ మీ యేసురత్నం దరిదాపులకే రాలేదండీ" అన్న సంగతి బయటపడదూ? తూర్పు గేటూ పడమటి గేటూ పుట్టింది అందుకు. శాంతీ లేదు, సమాధానమూ లేదు. ఉన్నదల్లా భయం.

ఈ ఏడు అయ్యగారి తమ్ముడి కొడుకు సుకుమార్ ఒక యాపు తయారు చేశాడు. పేరు 'కూడిక'. ఏలూరులో కంప్యూటర్లు చదివిన కుర్రాడు, మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. "మీ కష్టం సగం తగ్గిపోతుందండీ వరదానం గారూ" అని ఆయన ఫోనులో కూడా అది పెట్టాడు.

"బాబూ, కొత్తలంకనీ మూలగట్టునీ మాత్రం దూరంగా పెట్టాలి" అన్నాడు వరదానం.

"ఒకే మండలం వాళ్లు పక్కపక్కన ఉంటే వాళ్లకే సుఖం కదండీ. పదిహేడేళ్లయింది, ఇక కలుపుదాం అని పెదనాన్నగారు కూడా అన్నారండీ. ఇంకా ఏదైనా కారణం ఉందాండీ?"

వరదానం తేలు కుట్టిన దొంగలా అక్కణ్ణుంచి జారుకున్నాడు.

నిజం చెప్పుకోవాలి, యాపు బ్రహ్మాండంగా పనిచేసింది. ప్రతి మనిషికీ బ్లాకు, వరస, కుర్చీ ముందే ఫోనులోకి వచ్చేశాయి. భోజనానికి ఎవరి వేళ వాళ్లకు గంట మోగింది, తోపులాట లేదు, ఒక్క విస్తరి చిరగలేదు. మోకాళ్ల నొప్పుల ముసలమ్మలకు దగ్గర్లో ఏ మరుగుదొడ్డి ఖాళీగా ఉందో చూపించింది. వెనక వరసల్లో లౌడు స్పీకరు మాట రెండు మాటలుగా వినిపించేది ఎప్పుడూ. ఇప్పుడు ప్రసంగం ఎవరి ఫోనులోంచి వాళ్లకు శుభ్రంగా వినిపిస్తోంది. వరదానంతో సహా వాలంటీర్ల పెద్దలకు ఒక ఎర్ర బొత్తాం ఇచ్చారు, అది నొక్కి మాట్లాడితే ఆ మాట అందరి ఫోన్లలోనూ వస్తుంది. ఇవన్నీ ఒకెత్తు, 'మనవాళ్లు' ఒకెత్తు. తప్పిపోయిన వాళ్ల కోసం ప్రతి ఏడూ రోజంతా మైకులో అరిచేవారు. ఇప్పుడు పేరు కొడితే చాలు, మనిషి ఫోటోతో సహా ఎక్కడ కూర్చున్నాడో చూపిస్తోంది. నడవలేని వాళ్లు ముందుగా చెప్పుకుంటే గేటు దగ్గరికి చక్రాల కుర్చీ తెచ్చి పెట్టారు.

ఆ చక్రాల కుర్చీ లేకపోతే బర్నబా వచ్చేవాడే కాదు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. పదిహేడేళ్లుగా మహాసభల మొహం చూడని మనిషిని, "ఇప్పుడన్నీ సుళువు నాన్నా" అని కూతురు ప్రసన్నకుమారి ఒప్పించి, సొంతూరు మూలగట్టు పేరు మీదే పేరు రాయించి తీసుకొచ్చింది.

రెండో రోజు పొద్దున్న పదకొండు గంటలకు సుగుణ పరుగున వచ్చింది.

"అన్నయ్యా, క్రాంతి ఎటో వెళ్లిపోయాడు. ఫోనులో ఏదో చూశాడు, మొహం తిరిగిపోయింది. 'దొరికాడే అమ్మా' అన్నాడు. ఎవడ్రా అంటే పలకలేదు."

క్రాంతికి ఇరవై నాలుగేళ్లు. చేపల లారీ మీద హౌరా దాకా వెళ్లొచ్చే మనిషి. ఆ చేతులు ఐసు పెట్టెలెత్తి ఇనపకడ్డీల్లా తయారయ్యాయి. తాగినా తాగకపోయినా వాడి నోట ఒకటే మాట: "బర్నబా ఎదురుపడితే అక్కడే పాతేస్తాను." ఎదురుపడడన్న ధైర్యంతో వరదానం ఇన్నేళ్లూ ఆ మాట విని ఊరుకున్నాడు. ఇప్పుడు ఫోను తీసి, ఆ పేరు కొట్టాడు. ముగ్గుబుట్టలాంటి తల, ఒక పక్కకు జారిన నోరు, ఫోటోలో నవ్వుతున్నాడు. బర్నబా, మూలగట్టు, సి బ్లాకు, నాలుగో వరస. నడక మూడు నిమిషాలు. రద్దీ తక్కువగా ఉన్న దారి మంచినీళ్ల పందిరి పక్కనుంచి.

ఒక్క క్షణం ఆయనకు అడుగు పడలేదు. పడలేదంటే కాళ్లు రాక కాదు. ఆ మూడు నిమిషాలూ ఇక్కడే నిలబడిపోతే బర్నబా చచ్చిపోతాడు, అబద్ధం వాడితోపాటే మట్టిలో కలిసిపోతుంది. అంత నీచమైన ఆలోచన తన బుర్రలో పుట్టిందని ఆయనకే ఒళ్లు జలదరించింది. బావను చంపింది చాలక, బావ కొడుకుని హంతకుణ్ణి చేస్తానా అనుకున్నాడు. అరవై రెండేళ్ల మనిషి, పంచె ఎగగట్టి పరుగు తీశాడు.

వెళ్లేసరికి జరగవలసింది సగం జరిగిపోయింది. క్రాంతి చక్రాల కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. బర్నబా చచ్చుబడిన పక్క మీదే పడ్డాడు. చెయ్యి అడ్డం పెట్టుకుందామన్నా ఆ చెయ్యి లేవలేదు. ప్రసన్నకుమారి తండ్రి మీద పడి కప్పుకుంటే, జుట్టు పట్టి లాగి పక్కకు విసిరేశాడు. షామియానా తాడు కట్టిన ఇనప మేకు పీకి ముసలాడి కాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు మూడు వరసల దాకా వినబడింది. ఆ కాలికి స్పర్శ లేదు. బర్నబా అరవలేదు, బిత్తరపోయి చూశాడు. రెండో దెబ్బ మంచి చేతి మీద పడ్డప్పుడు అరిచాడు.

"నేను కాదు బాబూ! మీ నాన్నని నేను ముట్టుకోలేదు బాబూ!"

"జైల్లో కూడా ఇదే చెప్పావంట కదరా!"

మూలగట్టు కుర్రాళ్లు ఊరుకుంటారా? వినయ్ అనేవాడు మడతకుర్చీ ఎత్తి క్రాంతి వీపు మీద రెండు ముక్కలయ్యేలా కొట్టాడు. ఇంకొకడు కనుబొమ మీద గుద్దితే రక్తం కళ్లలోకి కారింది. "మనవాణ్ణి చంపేస్తున్నారు, సి బ్లాకుకి రండి" అని కొత్తలంక వాళ్ల ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. కేక కంటే ముందు మెసేజీ చేరింది. దారి చూపించడానికి యాపు ఉండనే ఉంది. రెండు నిమిషాల్లో నూరు మంది దిగారు. పందిరి గుంజలు పీకారు. ఒక పక్క పందిరి కూలి ఆడవాళ్ల మీద పడింది. ఎవరి చెవి కమ్మో తెగి రక్తం పిల్లదాని గౌను మీద చిందింది. తలలు పగిలాయి, పళ్లు రాలాయి. పక్కనే పాట పుస్తకం పట్టుకుని కూర్చున్న ఒక పెద్దమనిషి కూడా అదే పుస్తకంతో ఎవణ్ణో బాదుతున్నాడు. వినయ్ షామియానా తాడు క్రాంతి మెడకు వేసి వెనక్కి లాగుతున్నాడు. క్రాంతి కళ్లు తేలిపోతున్నాయి. అయినా మేకు వదలకుండా, కాలితో బర్నబా పొట్టలో తంతూనే ఉన్నాడు.

"ఆపండి! ఒరే ఆపండ్రా!" అని వరదానం మధ్యలోకి దూరాడు. ఎవడి మోచెయ్యో మూతికి తగిలి రెండు పళ్లు చేతిలోకి వచ్చాయి. పదిహేడేళ్లు ముప్పై వేల మందిని కూర్చోబెట్టిన నోరది. ఆవేళ పక్కవాడికి కూడా వినబడలేదు.

జనంలో కింద పడి, ఎవరి కాళ్ల మధ్యనో ఉండి, ఆయన ఫోను తీశాడు. ఎర్ర బొత్తాం నొక్కాడు.

"నేను కొత్తలంక వరదానాన్ని. యేసురత్నాన్ని బర్నబా చంపలేదు. నేను చంపాను. నా చేతిలో గెడ తగిలి పోయాడు. పోలీసులకి అబద్ధం చెప్పాను. మా చెల్లెలికి చెప్పాను, మేనల్లుడికి చెప్పాను. క్రాంతీ, ఆయన్ని వదిలెయ్యరా. కొడితే నన్ను కొట్టు."

ఫోన్లలో ప్రసంగం ఆగిపోయి ఆ గొంతు వచ్చింది. కొట్టేవాళ్ల జేబుల్లోంచి వచ్చింది, దెబ్బలు తినేవాళ్ల జేబుల్లోంచి వచ్చింది. కూలిన పందిరి కింద ఎక్కడో పడి ఉన్న ఫోన్లలోంచీ వచ్చింది. క్రాంతి చొక్కా జేబులోంచి వాడి గుండె మీదే వచ్చింది. వినయ్ చేతిలో తాడు వదులైంది. ఎత్తిన గుంజలు ఎత్తినట్టే ఆగాయి.

క్రాంతి దగ్గుతూ, మెడ పట్టుకుని తిరిగాడు. కింద కూర్చున్న మేనమామను రక్తం నిండిన కళ్లతో వెతుక్కున్నాడు.

"మావయ్యా, నన్నాపడానికి చెప్పావు కదూ? అబద్ధం కదూ?"

"కాదురా. ఇన్నేళ్లూ చెప్పింది అబద్ధం."

జనం దారి ఇచ్చారు. సుగుణ వచ్చింది. ఫోను ఇంకా చేతిలోనే ఉంది. ఆమె అన్నను ఏమీ అడగలేదు. అడగవలసినదేముంది, ఆ గొంతు ఆమెకు తెలియందా? మొగుడు పోయిన ఏడాది నుంచీ ఆ గొంతే కదా "నేనున్నానమ్మా, తిను" అని అన్నం తినిపించింది!

క్రాంతి మేకు ఎత్తాడు. మొదటి దెబ్బకు వరదానం మెడ పక్క ఎముక విరిగింది. ఆయన తప్పుకోలేదు. రెండో దెబ్బ మోకాలి మీద పడింది. ఆయన పక్కకు ఒరిగిపోయి, నోట్లోంచి రక్తం కారుతూ చెల్లెలి వైపు చూశాడు. మూడో దెబ్బకు మేకు ఎత్తి క్రాంతి కూడా తల్లి వైపే చూశాడు. పుట్టినప్పటి నుంచీ ఆ చెయ్యి లేచినప్పుడల్లా "వద్దురా నాన్నా" అన్న తల్లి ఆమె. ఇప్పుడు కొట్టమని అనలేదు, వద్దనీ అనలేదు. కొత్తలంక వాళ్లూ మూలగట్టు వాళ్లూ పదిహేడేళ్లలో మొదటిసారి భుజం భుజం కలిపి నిలబడి చూస్తున్నారు. ఒక్కడూ అడ్డం రాలేదు.

సుగుణ నేల మీద చతికిలబడి బర్నబా తల ఒళ్లోకి తీసుకుంది. పైటచెంగుతో ఆయన మూతి తుడిచింది. "క్షమించండి అన్నయ్యగారూ" అంది. పక్కన నెత్తురు ఓడుతున్న ప్రసన్నకుమారి చెయ్యి పట్టుకుని, "క్షమించమ్మా" అంది. తర్వాత తలెత్తకుండానే కొడుకుని పిలిచింది.

"క్రాంతీ, అది పారేసి ఇలా రా. ఈయన్ని ఎత్తు."

క్రాంతి మేకు పారేశాడు. తాను విరగ్గొట్టిన కాలిని మెల్లిగా ఒడిసిపట్టి, బర్నబాను పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తుకుని, వైద్యం పందిరి వైపు నడిచాడు. వేలాడుతున్న చెయ్యి నేలకు రాసుకోకుండా సుగుణ దాన్ని రెండు చేతులా పట్టుకుని పక్కనే నడిచింది.

"సుగుణా" అన్నాడు వరదానం. "అమ్మా సుగుణా."

ఆమెకు వినబడింది. అడుగు ఒక్క రవ్వ తడబడింది కూడా. "జాగ్రత్తరా, ఆ కాలు కదపకు" అని కొడుక్కి చెప్పి ముందుకు వెళ్లిపోయింది.