అక్క రిపోర్టు, ఇంటిల్లిపాదికీ ధీమా

ఆ ఇంటికి దినపత్రిక ఒక్కటే వచ్చేది, అందరూ చదివేవారు. గొడుగు ఒక్కటే ఉండేది, అందరూ తడిసేవారు. అందుకే పెద్దకూతురు జన్యుపరీక్ష చేయించుకుని, ఏ దోషమూ లేదని తేలాక, ఆ ఫలితం కూడా ఇంటిల్లిపాదికీ సరిపోతుందనుకున్నారు. వాళ్ళమ్మ రొమ్ము క్యాన్సరుతో పోయింది. అది పిల్లల్ని కూడా పట్టుకుంటుందేమోనన్న భయం పెద్దకూతురు పరీక్షకిచ్చిన ఉమ్మి చుక్కతో వదిలిపోయింది. తండ్రి, తమ్ముడు ఊపిరి పీల్చుకున్నారంటే అర్థముంది. ఆ రక్తంతో ఏ సంబంధమూ లేని పెద్దల్లుడు కూడా "మన ఇంట్లో అలాంటివి లేవండీ" అని ఆఫీసులో చెప్పుకుని, ఆ ఊపులో రక్తపోటు మాత్రలు మానేశాడు.

చిన్నకూతురికి స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. వంటింట్లోకి వెళ్ళి అక్కతో చెప్పింది. అక్క కూరలు తరగడం ఆపలేదు.

"నా రిపోర్టు చూశావుగా. వేడి చేసుంటుంది."

"అది నీ రిపోర్టక్కా."

"ఒక్క కడుపున పుట్టాం. నాకు లేనిది నీకెక్కణ్ణుంచి ఊడిపడుతుందే?"

అదే కడుపున పుట్టిన అక్కకు చిన్నప్పుడే కళ్ళజోడు వచ్చింది, తనకు రాలేదు. కానీ కత్తి చేతిలో ఉన్న మనిషితో వాదన పెట్టుకోవడం మంచిది కాదని చెల్లెలు ఊరుకుంది. తండ్రి కూడా ఆసుపత్రికి వెళ్తే లేనివి పుట్టిస్తారన్నాడు. వారాలు గడిచాయి. గడ్డకు రిపోర్టులు చదివే అలవాటు లేదు కనుక అది పెరిగింది.

చివరికి ఆమె బ్యాంకుకు సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళింది. అక్క పరీక్ష గురించి కూడా చెప్పింది. డాక్టరమ్మ నవ్వలేదు. ఇలాంటివి ఆమె చాలానే విన్నట్టుంది.

"వాళ్ళు వెతికిన జన్యుమార్పులు మీ అక్కగారిలో లేవు. ఆ పరీక్ష చెప్పేది అంతవరకే. మీ అమ్మగారిలో అలాంటి మార్పు ఉంటే, అది మీ అక్కగారికి రాకుండా మీకు రావచ్చు. ఎవరిలోనూ ఏ మార్పూ లేకుండానే ఈ జబ్బు ఎంతోమందికి వస్తోంది. ముందు గడ్డ సంగతి చూద్దాం."

స్కాను తీశారు, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. ఇంకా చిన్నదే, ఆపరేషనుతో నయమయ్యే అవకాశాలు బాగా ఉన్నాయన్నారు. ఇంకొన్నాళ్ళు అక్క రిపోర్టును నమ్ముకుని ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పలేదు. ఆ మాట చెల్లెలే అనుకుంది.

ఇంట్లో తెలిసింది. తండ్రి ల్యాబువాళ్ళను తిట్టాడు. తమ్ముడు, చిన్నక్కకు మొదట్నుంచీ అదృష్టం తక్కువన్నాడు. బావగారు మాత్రల డబ్బా ఎక్కడ పెట్టానా అని గుట్టుగా వెతుక్కున్నాడు. మంచి ఫలితం అందరిదీ అయింది. చెడ్డదానికి మాత్రం వాటాదారులెవరూ రాలేదు.

ఆసుపత్రిలో చేరే రోజు ఉదయం చెల్లెలు బట్టలు సర్దుకుంటుంటే అక్క వచ్చి, మడత పెట్టిన చీరనే మళ్ళీ మడతపెట్టింది.

"ఆ స్కాను తీసేది కింద అంతస్తులోనేనా?"

"నీకెందుకక్కా? నాకు తీశారుగా. ఒక్క కడుపున పుట్టాం, సరిపోతుందిలే."

అక్క సంచి అందుకుని, చెల్లెలి కంటే ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.