ఆకు దూసిన మల్లె

తాండూరు రైల్వే క్వార్టర్లలో అరుణాదేవి మల్లెచెట్టంత పచ్చని చెట్టు ఇంకొకటి లేదు. అంత పనికిమాలిన చెట్టూ ఇంకొకటి లేదు. నాటి మూడేళ్లయింది. నడుమెత్తు పెరిగింది. పిల్లి దూరితే కనపడనంత గుబురు. మొగ్గ మాత్రం ఒక్కటంటే ఒక్కటి వేయలేదు.

అరుణాదేవి భర్త రైల్వేలో పట్టాల ఇన్‌స్పెక్టరు. రాష్ట్రాలు కలిసిన మరుసటి ఏడు గోదావరి వైపు నుంచి తాండూరుకు బదిలీ అయి వచ్చాడు. వచ్చేటప్పుడు అరుణాదేవి తల్లి తన పెరట్లో మల్లెపొద నుంచి ఒక అంటు తీసి, డాల్డా డబ్బాలో మట్టి పోసి పెట్టి ఇచ్చింది. రెండు రైళ్లు మారినా అరుణాదేవి ఆ డబ్బాను ఒళ్లోంచి దింపలేదు. తీరా చూస్తే ఇక్కడ ఇంటి వెనక వాకిలంతా బండలే. భర్త వెంటపడి నాలుగు బండలు లేపించి మరీ దాన్ని నాటింది.

రెండేళ్లు పూయకపోయినా ఆమె పెద్దగా పట్టించుకోలేదు. నీళ్లు మారాయి, నేల మారింది, మనిషికే అలవాటు పడడానికి ఏడాది పడుతుంది, చెట్టుకు పట్టదా అనుకుంది. మూడో ఏడు సంగతి వేరు. పోయిన చైత్ర బహుళ పంచమి నాడు తల్లి చనిపోయింది. టెలిగ్రాం ఒక రోజు ఆలస్యమైంది. రైళ్లు పట్టుకుని వెళ్లేసరికి ఇల్లు కడిగేసి ఉంది. తల్లి ముఖం ఆమెకు దక్కలేదు. ఇప్పుడు సంవత్సరీకం వస్తోంది. తద్దినం పెట్టేది అన్నగారు, ఊళ్లో. కూతురికి అందులో పని లేదు. అరుణాదేవికి మిగిలింది గోడమీద ఫోటో ఒకటి, దాని ముందు పెట్టే పూలు. ఆ పూలు తల్లి చెట్టువే కావాలని ఆమె పట్టు. బజారులో కొన్నవి పెడితే పరాయివాళ్లు పంపినట్టుంటుందని భర్తతో అంది. ఆయన సరే అన్నాడు. ఆయన దేనికైనా సరే అనే అంటాడు.

అప్పటినుంచి మల్లెచెట్టుకు రాజభోగం మొదలైంది. పొద్దున బిందెడు, సాయంత్రం బిందెడు నీళ్లు. మధ్యలో బియ్యం కడిగిన నీళ్లు. తాండూరు క్వార్టర్లలో తాగడానికే బావి దగ్గర వరస కట్టాలి. ఈ చెట్టు మాత్రం ఏ వరసా లేకుండా తాగింది. చాలదన్నట్టు, దీనికేమైనా అయితే ఇంకొకటుండాలని అరుణాదేవి ఒక కొమ్మను తుంచి ఇంకో డాల్డా డబ్బాలో గుచ్చి ముందుగది కిటికీలో పెట్టింది. అదీ వేళ్లూనుకుని ఏపుగా వచ్చింది. దాని ఆకులను రోజూ తడిగుడ్డతో తుడిచేది.

మాఘమాసంలో ఆ ఇంటికి తోటపని పట్టుకుంది. వంటింట్లో పొయ్యి పక్కన, వెచ్చగా ఉండే మూల, బీర విత్తులు, కాకర విత్తులు తడిగుడ్డలో మూటలై మొలకెత్తుతున్నాయి. వాకిట్లో పందిరికి కర్రలు పాతారు. ఈ పనులన్నింటిలో అరుణాదేవికి చెయ్యి సాయం బీరమ్మ. గొల్లకుర్మల ఇంటి మనిషి, బొంరాస్‌పేట దగ్గరి పల్లె. మొగుడు హన్మయ్య తాండూరు బయట బండల గనుల చుట్టూ మేకలు కాస్తాడు. బీరమ్మ క్వార్టర్లలో అంట్లు తోమి నీళ్లు మోస్తుంది. ఇన్‌స్పెక్టరు భార్య అని లేదు, స్టేషన్ మాస్టర్ తల్లి అని లేదు, అందరినీ 'నువ్వు' అనే అంటుంది. మొదటివారం అరుణాదేవికి ఒళ్లు మండింది. తర్వాత అదొక మర్యాదలేనితనం కాదనీ ఇక్కడి మాటతీరే అంతేననీ తెలిసి ఊరుకుంది.

బిందె దించుతూ ఒకరోజు బీరమ్మ మల్లెచెట్టును పైనుంచి కిందికి చూసింది.

"నీ చెట్టు బలిసిందమ్మా. గిట్ల తాపితె పూత యాడికెల్లి వస్తది? కడుపు నిండిన చెట్టుకు పూత యాదికి రాదు."

"మరేం చెయ్యమంటావు?"

"నీళ్లు బంద్ వెట్టు. పది దినాలు మాడనియ్యి. ఆకంత దుయ్యాలె. నీ చేతులు రాకుంటె మా మేకల్ని రెండింటిని తోల్కొస్త. పొద్దుగూకేవరకు బోడి జేస్తయి."

అరుణాదేవి చెంబు కింద పెట్టేసింది. "మేకలా! మేక మూతి తగిలిన మొక్క బాగుపడ్డం నేనెక్కడా చూడలేదు. ఇది మా అమ్మ చెట్టు బీరమ్మా."

"గందుకే చెప్తున్న. బొంరాస్‌పేటల పటేల్ మల్లెతోటకు మాఘం వచ్చిందంటె మా మందనే పిలుస్తుండిరి. మా అత్త తోల్తుండె, ఎన్కట మా అత్త అత్త తోల్తుండె. శివరాత్రికి కట్టెలు, ఉగాదికి మొగ్గలు. మస్తు పూస్తుండె."

"పూసిందేమో. నా చెట్టు జోలికి మాత్రం రాకు," అంది అరుణాదేవి.

గోదావరి వైపునుంచి వచ్చిన మనిషికి పూల గురించి మేకలమంద చెప్పేదేమిటని ఆమెకు లోపల ఉంది. పైకి అనలేదు, అంతే.

శివరాత్రికి వారం ముందు భర్తకు వికారాబాదుకు బదిలీ అయింది. అక్కడి క్వార్టరు చూసి, సున్నం వేయించి రావాలి. మూడురోజుల పని. అరుణాదేవి కూడా ఆయనతో బయల్దేరుతూ ముందుగదికి తాళం వేసి, వంటింటి తాళంచెవి బీరమ్మ చేతిలో పెట్టింది.

"మల్లెచెట్టుకు రెండుపూటలా నీళ్లు. మరిచిపోకు. మేం వికారాబాదులో ఉన్నా పూలు ఈ చెట్టువే కావాలి. పంచమి దగ్గరికొస్తోంది."

"యాదుంది. పున్నమి ఎన్క అయిదో దినం," అంది బీరమ్మ.

చెప్పినది ఆమెకు స్పష్టంగానే వినపడింది. నీళ్లు పొయ్యకూడదనీ అప్పుడే అనుకుంది. పంచమికి ఇంక యాభై రోజులు. ఆకు దూశాక చిగురు రావాలి, చిగురులో మొగ్గ రావాలి, మొగ్గ నిండాలి. ఇంకో వారం పోతే ఏ మేకా ఏమీ చేయలేదు. అమ్మగారి ఏడుపు ఏడాదిగా వింటున్నది బీరమ్మ. ఆ ఏడుపు తీర్చే పని తన చేతిలో ఉండగా నీళ్లు మోసి చెట్టును ఇంకా కొవ్వెక్కించడం ఆమెకు చేతకాలేదు. మర్నాడు పొద్దున్నే రెండు మేకలను వెనక తలుపులోంచి తోలుకొచ్చింది. సాయంత్రానికి మల్లెచెట్టు చీపురుకట్టగా మారింది. కిటికీలోని మొక్క కూడా మేకల మూతికి వచ్చేదే. ముందుగదికి తాళం ఉండబట్టి బతికిపోయింది.

అరుణాదేవి వికారాబాదు నుంచి వచ్చి వాకిట్లో అడుగుపెట్టి అక్కడే నిలబడిపోయింది. కొంతసేపు ఆమెకు అది ఏ చెట్టో అర్థం కాలేదు. బండల మీద మేకపెంటికలు చూశాక అర్థమైంది.

"మా అమ్మను రెండోసారి చంపావు కదే," అంది.

అది పెద్ద మాటే. అన్న తర్వాత ఆమెకూ అనిపించి ఉంటుంది. కానీ వెనక్కి తీసుకోలేదు. బీరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

"పూస్తదమ్మా. పంచమికి పూస్తది."

"తాళంచెవి అక్కడ పెట్టి వెళ్లు. మళ్లీ నా గడప తొక్కకు."

బీరమ్మ తాళంచెవి బండమీద పెట్టి వెళ్లింది. నాలుగోరోజున సామాను వికారాబాదు వెళ్లింది. మొలకెత్తిన బీర, కాకర పక్కింటివాళ్లకు ఇచ్చేసింది అరుణాదేవి. కిటికీలోని డబ్బాను ఒళ్లో పెట్టుకుని రైలెక్కింది. వాకిట్లోని కట్టెలవైపు చూడలేదు.

తర్వాతి ఇన్‌స్పెక్టరు రావడానికి రెండునెలలు పట్టింది. క్వార్టరు ముందువైపు తాళం వేశారు. వెనకవైపు కంపతలుపుకు తాళమెవరు వేస్తారు? పదిరోజులు నీళ్లు చూపించకుండా మాడ్చాక, బీరమ్మ ఆ తలుపులోంచే వెళ్లి చెట్టు మొదలు తవ్వింది. పాకలో ఏడాదిగా మాగిన మేకల ఎరువు రెండు గంపలు పోసింది. అప్పుడు నీళ్లు మొదలుపెట్టింది.

హన్మయ్యకు ఇది నచ్చలేదు. "నీ పని పాయె. నీ మీద మన్ను వోసె. ఇంక గా చెట్టు ఫికరు నీకెందుకే?"

"పూస్తదని నేనన్న. నా మాట మీద గది కట్టెలెక్క నిలవడ్డది. నేను నిలవడకుంటె ఎట్ల?" అంది బీరమ్మ.

రెండోసారి ఎరువు గంప హన్మయ్యే మోసుకొచ్చాడు.

వికారాబాదు క్వార్టరుకు ముందూ వెనకా వాకిలి లేదు. గుమ్మం దిగితే రోడ్డే. అందుకని కిటికీలోని డబ్బామొక్కే అరుణాదేవికి తోటంతా అయింది. పొద్దున తూర్పు కిటికీలో, మధ్యాహ్నం వంటింటి నీడలో, సాయంత్రం పడమటి కిటికీలో, ఎండను బట్టి దాన్ని మోసుకు తిరిగింది. చంటిపిల్లకు కూడా అంత చేయరు. ఆకులు అరచేయంత పెరిగాయి. చైత్రం వచ్చింది. సాయంత్రాలు అనంతగిరి వైపునుంచి గాలి వీస్తే ఎవరి దొడ్డిలోనో మల్లెలు గుప్పుమనేవి. ఆమె లేచి కిటికీ మూసేసేది.

పున్నమి వెళ్లింది. తదియ, చవితి వెళ్లాయి. పంచమి పొద్దున భర్త బజారుకు వెళ్లి కనకాంబరాల మూర, రెండు బంతిపూలు తెచ్చాడు. అరుణాదేవి వాటిని పళ్లెంలో పెట్టి ఫోటో ముందు కూర్చుంది. దండ వేయడానికి చెయ్యి రాలేదు. తల్లి ఆఖరిచూపుకూ నోచుకోలేదు, ఆఖరికి నాలుగు పూలూ ఇవ్వలేకపోతోంది. ఆ బాధ కొత్తది కాదు. ఆ రోజు మాత్రం కొత్తగా తగిలింది.

తాండూరు నుంచి వచ్చే పొద్దుటి బండి కూత పెట్టి ఆగింది. కాసేపటికి గుమ్మంలో బీరమ్మ. చేతిలో మోదుగాకుల పొట్లం. గడప అవతలే నిలబడింది.

"గడప తొక్కొద్దన్నవు గద. బయటికే రా అమ్మా."

అరుణాదేవి లేచి వెళ్లింది. బీరమ్మ పొట్లం విప్పింది. లోపల తడిగుడ్డ. గుడ్డలో మల్లెపూలు. నిన్న పొద్దువాలే వేళ కోసిన మొగ్గలు, తెల్లారేసరికి గుడ్డలోనే విచ్చుకున్నాయి. దోసెడు కాదు, రెండు మూడు దోసిళ్లు.

"చెట్టు మీద ఇంక గిన్ని ఉన్నయి," అంది బీరమ్మ. "రైలుల టికెటు లేకుంటనే వచ్చిన. గా సంగతి సారుకు చెప్పకు."

సారు లోపలే ఉన్నాడు. విన్నాడు. పేపరు కొంచెం పైకెత్తి పట్టుకున్నాడు.

అరుణాదేవికి సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా సంతోషం వేసింది.

"తెలియక అన్నానే, బీరమ్మా. అంత మాట అనకూడదు," అంది.

"గది ఇడిసిపెట్టు. గాని మీ అమ్మ ఆకు దూయకుండ పూలెట్ల పూసినయి? దూసే ఉంటది. నువ్వు సూడలే, గంతే."

అరుణాదేవి గుమ్మం పట్టుకుని ఆగిపోయింది. చూడకేం, చూసింది. చిన్నప్పుడు, చలి ఇంకా పూర్తిగా పోని పొద్దుల్లో, తల్లి మల్లెపొద దగ్గర పీట వేసుకుని కూర్చునేది. ఒళ్లో చేట. చేటనిండా ఆకు. అన్నీ ఎందుకమ్మా తుంచేస్తున్నావు అని తను ఏడుపుముఖం పెడితే, దూడకి అనేది. దూడకు ఆకలి అంటే తను ఊరుకునేది. మళ్లీ మల్లెపొద దగ్గరికి వెళ్లేది పూలప్పుడే. ప్రతి చైత్రం జడనిండా పూలు తనకు గుర్తున్నాయి. బోడికొమ్మల నెల గుర్తు లేదు. తల్లి గుర్తుండనివ్వలేదు.

ఆమె బీరమ్మ చెయ్యి పట్టుకుని గడప దాటించింది. తాంబూలం పళ్లెంలో దారం పెట్టుకుని ఇద్దరూ పూలు కట్టారు. పెద్ద దండ ఫోటోకు వేసింది అరుణాదేవి. తల్లి పసుపుకుంకుమలతో పోయిన మనిషి. ఆమె పేరున ఒక ముత్తైదువకు పూలు పెట్టాలి. అరుణాదేవి రెండో దండ తీసి బీరమ్మ కొప్పులో పెట్టింది. బీరమ్మ సిగ్గుపడి పమిట సర్దుకుంది.

వెళ్లేటప్పుడు ఆమె కన్ను కిటికీలోని మొక్క మీద పడింది. అరుణాదేవి గబగబా దాని దగ్గరికి వెళ్లి ఒక ఆకు తుంచబోయింది.

"గిప్పుడు గాదమ్మా! ఎండలకు సస్తది. మాఘంల నీళ్లు బంద్ వెట్టి, అప్పుడు దుయ్యి."

"అప్పుడు నువ్వు రావే. నాకు చేతులు రావు."

"రాకుంటె మా మేకను రైలెక్కిస్త," అంది బీరమ్మ.

ఆ మాఘంలో ఒక ఆదివారం పొద్దున ఇన్‌స్పెక్టరుగారు లైను చూసి ఇంటికి వచ్చేసరికి, కిటికీ కింద పీట వేసుకుని కూర్చుని ఉంది అరుణాదేవి. ముందు డబ్బాలో నాలుగు బోడికొమ్మలు. ఒళ్లో చేట. చేటలో అరచేయంత ఆకులు. ఆమె ఒక్కో ఆకును కణుపు నలగకుండా, తొందరలేకుండా తుంచుతోంది.

"ఇంత ఆకు ఎవరికి?" అన్నాడాయన.

"దూడకి," అంది.

ఇంట్లో దూడ లేదు. ఆయన సరే అన్నాడు.