వద్దు అనే బటన్

విగ్గుల బాబాయి దుకాణానికి రెండు తలుపులు. ముందు తలుపు కరెంటు బిల్లు తెచ్చేవాళ్ళకీ, దారి అడిగేవాళ్ళకీ. వెనక తలుపు కస్టమర్లకి. లాండ్రీ పక్క సందులోంచి వచ్చి తెర చాటున కూర్చుంటే, ఆ మనిషి చొక్కాలు ఉతకడానికి ఇచ్చి పోయాడని వీధి అనుకుంటుంది. ఒక్కో వెంట్రుకనీ కొక్కెం సూదితో వలకి ముడివేసి జుట్టు మొలిపించడం బాబాయి పని. రెండేళ్ళకోసారి కొత్తది చేస్తూ, ప్రతిసారీ నాలుగు నెరిసిన వెంట్రుకలు కలుపుతాడు. మనిషితోపాటు విగ్గుకీ వయసు రావాలి కదా.

బయట కనిపించిన కస్టమర్‌ని పలకరించకపోవడం ఆయన నియమం. కూతురి పెళ్ళికి తానే పిలిచిన పదిహేనుమంది కస్టమర్లని గుమ్మంలో ఆపి, "తమరు ఎవరి తరఫండీ?" అని అడిగాడు. అలా అడిగించుకున్నవాళ్ళ నెత్తివైపే పెళ్ళివారంతా చూడటం మొదలుపెట్టారన్న సంగతి ఆయనకి ఇప్పటికీ తెలియదు.

అలాంటి మనిషికి గోప్యత చూసే ఆఫీసునుంచి ఉత్తరం వచ్చింది. మీ వెబ్‌సైటు, చూసేవాళ్ళ ఫోన్లలో, కంప్యూటర్లలో కుకీలు వదులుతోంది, వద్దనే వీలు ఇవ్వడం లేదు, వాళ్ళ వివరాలు ఎవరెవరికి పోతున్నాయో నెలలోగా రాసి పంపండి, అని.

"గుట్టు గురించి నాకు పాఠమా? తాతకు దగ్గులు నేర్పుతారా?" అంటూ బాబాయి ఆ ఉత్తరాన్ని విగ్గులు తొడిగే బొమ్మ తల కింద కుక్కాడు.

సైటు చేసిపెట్టింది అల్లుడు. కంప్యూటర్ ముందు కూర్చుంటే అతనికి తెలియనిది లేదు, లేచాక తెలిసినదీ లేదు.

"కుకీ అంటే ఏముంది మామయ్యా, చూసినవాళ్ళ ఫోన్లో మనం పెట్టే చిన్న గుర్తు. ఎవరేం చూశారో దానికి గుర్తుంటుంది. కింద 'సరే' అని బటన్ పెట్టాగా, అందరూ నొక్కేస్తారు."

"వద్దనుకుంటే?"

"దానికి బటన్ లేదు. పెడితే నొక్కేస్తారు కదా!"

బాబాయికి ఎక్కడో గుచ్చుకుంది. చేతిలో సూది ఉంది కాబట్టి అదేననుకున్నాడు.

నాలుగో రోజు లెక్కల మాస్టారు ఫోన్ చేశారు. పంతొమ్మిదేళ్ళుగా వెనక తలుపులోంచే వచ్చే మనిషి.

"ఆదివారం నా కంప్యూటర్లో మీ సైటు తెరిచి కొత్త విగ్గు చూశానండీ, పావు వంతు నెరిసినది. ఇవాళ క్లాసులో అదే కంప్యూటర్లోంచి ఒక పాఠాల సైటుని గోడమీద వేసి భిన్నాలు చెబుతుంటే పక్కన ప్రకటన వచ్చింది. అదే విగ్గు. 'చూసి వదిలేశారే! మీ నెత్తికోసం ఎదురుచూస్తోంది' అని కింద రాసుంది. అరవైమంది పిల్లలు ఒక్క గొంతుతో చదివారు. చదవడం రాదని ఇన్నాళ్ళూ తిట్టాను వాళ్ళని."

బాబాయి నోరు తెరిచేలోగా ఫోన్ పెట్టేశారు. తల కొట్టేసినట్టయింది బాబాయికి. వెంటనే అల్లుణ్ణి కూర్చోబెట్టి, వివరాలు ఎక్కడెక్కడికి పోతున్నాయో జాబితా తీయించాడు. ఇరవైమూడు ప్రకటనల కంపెనీలు తేలాయి.

"పంతొమ్మిదేళ్ళు మీ అత్తయ్యకి కూడా చెప్పలేదయ్యా నేను. నువ్వు ఇరవైమూడుమందికి టముకేశావు!"

"నేనెక్కడ చెప్పాను మామయ్యా, కోడ్ చెప్పింది. అందరూ ఇలాగే పెట్టుకుంటారు."

"అందరూ విగ్గులు అమ్ముతున్నారా?"

బాబాయి కోపం అక్కడ ఆగలేదు, తిరిగి తనమీదికే వచ్చింది. దుకాణం తనది. ఉత్తరాన్ని బొమ్మ తల కింద కుక్కింది అల్లుడు కాదు.

ప్రకటనల కోడంతా ఆ పూటే పీకించాడు. సైటుకి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టేదొక్కటి ఉంచి, అది కూడా అడిగాకే నడవాలన్నాడు. 'సరే' పక్కన అదే రంగులో 'వద్దు' పెట్టించాడు. అల్లుడు 'వద్దు'ని కాస్త చిన్నది చేయబోతే, తలలు కొలిచే టేపు తెచ్చి తెరమీద ఆనించి రెండూ సమానమయ్యేదాకా లేవనివ్వలేదు. ఇరవైమూడు పేర్లూ తన చేత్తో రాసి, చివర "తప్పు నాదే" అని సంతకం పెట్టి ఆఫీసుకి పంపాడు.

మాస్టారికి మాత్రం ఏం రాయగలడు? పోనీ ఇంటికి వెళ్దామంటే, విగ్గులవాడు గుమ్మంలో నిలబడటమే ఇంకో ప్రకటన. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నాలుగు రోజులు బాబాయికి ముద్ద దిగలేదు.

అయిదో రోజు మిట్టమధ్యాహ్నం ముందు తలుపు తెరుచుకుంది. మాస్టారు, బోడి తలతో.

"తమరు ఎవరండీ?" అనేశాడు బాబాయి. పాడు నోరు, దాని అలవాటు దానిది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "అరవైమంది పిల్లలకి తెలిసింది. మీకు తెలియలేదా?"

"క్షమించండి మాస్టారూ. నా వల్లే." బాబాయికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"వాళ్ళు చదివేశాక విగ్గు తీసి బల్లమీద పెట్టి, ఆ లెక్క పూర్తిచేశాను. ఏం చేస్తాం? కానీ అది నేను చెప్పుకోవాల్సిన మాటండీ. నాకు నచ్చిన రోజు, నచ్చినవాళ్ళకి. మీ సైటు చెప్పేసింది."

బాబాయి టేపుని చేతుల్లో నలిపాడు.

"ఒకటి అడుగుతాను మాస్టారూ. ఎలాగూ తెలిసిపోయింది కదా. ఇకమీద వీధిలో కనిపిస్తే పలకరించమంటారా?"

మాస్టారు ఆలోచించారు.

"వద్దు."

ఎందుకండీ అనే మాట బాబాయి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"సరేనండీ."

మాస్టారు సంచీలోంచి పాత విగ్గు తీసి బల్లమీద పెట్టారు.

"కొత్తదానికి ఈసారి నాలుగు కాదు, పది నెరిసినవి కలపండి. మొన్నటి క్లాసు కూడా లెక్కలోకి రావాలి," అని వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోయారు.