నిలబడితే వచ్చే వాసన

యుద్ధం కోసం పెట్రోలంతా దొరలు పట్టుకుపోయి మన బస్సులకు బొగ్గులు మిగిల్చారు. కుప్పం నుంచి మదనపల్లెకు పోయే బస్సు వెనక పొడుగాటి ఇనప పొయ్యి తగిలించి, అందులో బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో ఇంజను నడిపిస్తున్నారు. నడిపిస్తున్నారని గొప్పకు అనడమే గానీ, మిట్ట వచ్చిందంటే ఆడా మగా దిగి తోయాల్సిందే. పొద్దున్నే దాన్ని లేపాలంటే గాలి చక్రం తిప్పి తిప్పి మనిషి రెక్కలు పడిపోతాయి. అందుకని ఒకసారి ఇంజను అందుకుందంటే మదనపల్లె చేరేదాకా ఏ డ్రైవరూ ఆపడు. బస్సు ఎక్కడ నిలబడినా ఇంజను ఊరికే కొట్టుకుంటూనే ఉంటుంది.

ముసురు పట్టిన ఒక ఉదయం విక్టర్ తన భార్య ప్రభావతిని ఆ బస్సు దగ్గరికి నడిపించుకొచ్చాడు. అతను మిషన్ బడిలో పంతులు. ఆమెకు క్షయ. మదనపల్లె దగ్గరి శానిటోరియంలో ఎన్నాళ్ళకో ఒక మంచం ఖాళీ అయింది. సాయంత్రంలోగా రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని కబురు వచ్చింది. అక్కడి గాలికి, మందుకు లేచి తిరిగినవాళ్ళను విక్టర్ కళ్ళారా చూశాడు. మంచం దక్కితే ప్రభావతి బతుకుతుంది. అతని బుర్రలో ఇంకో ఆలోచనకు చోటు లేదు.

ఆమె మెట్టు మీద నిలబడి దగ్గగానే బస్సులో గొడవ లేచింది. శనగకాయల వ్యాపారి దేవరాజులు కండువాతో ముక్కు మూసుకున్నాడు.

"ఏమప్పా హనుమంతూ, ఈ రోగాన్ని తెచ్చి మా పక్కన కూసోబెడతావా? మాకూ పిల్లాజెల్లా ఉండారు."

కండక్టరు హనుమంతు తల గోక్కున్నాడు. "పంతులయ్యా, ఆయమ్మను వెనక బల్ల మీద పండబెట్టుకో. మధ్యలో ఏదన్నా అడ్డం కట్టు. అట్లయితేనే ఎక్కించేది."

విక్టర్ పరుపుచుట్ట విప్పి దుప్పటి తీశాడు. బస్సుకు అడ్డంగా, వెనక బల్లకు ముందు, రెండు కొసలూ కడ్డీలకు గట్టిగా ముడివేశాడు. పక్కల కాన్వాసు తెరలు వాన కోసం ముందే దించి ఉన్నాయి. లోపల ప్రభావతి బల్ల మీద ముడుచుకుని పడుకుంది. దుప్పటికి ఇవతలి బల్ల మీద ఎవరూ కూర్చోలేదు కాబట్టి విక్టర్ కూర్చున్నాడు. ఎక్కనిచ్చారు కదా, అదే పదివేలనుకున్నాడు. పేదవాడి కృతజ్ఞత చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, కానీ ఆ పూట అతను చేయగలిగింది మాత్రం ఏముంది?

డ్రైవరు బైరప్పకు ఈ గొడవ పట్టలేదు. అతని చింత వేరే. కొన్నాళ్ళుగా బస్సులో ఏదో వాసన తగులుతోంది. బస్సు పరుగులో ఉంటే రాదు, నిలబడితే వస్తుంది. యజమానికి చెప్పుకుంటే, "బొగ్గు బస్సులో మల్లెపూల వాసన రావాల్నా?" అని నవ్వి పంపేశాడు.

పలమనేరులో బస్సు నిలబడినప్పుడు దుప్పటి వెనక నుంచి ప్రభావతి పలికింది.

"ఏందో వాసన వస్తాండాది. తల పగిలిపోతాండాదయ్యా."

"వాసన యాడిది తల్లీ, రోగం ముదిరితే అట్లే ఉంటాది," అన్నాడు దేవరాజులు, పెద్ద వైద్యుడిలాగా.

విక్టర్‌కూ తల దిమ్ముగానే ఉంది. రాత్రి నిద్ర లేకనేమో అనుకున్నాడు. చేతిగుడ్డ మీద నీలగిరి తైలం చల్లి దుప్పటి కిందనుంచి అందించాడు. దాని ఘాటు తప్ప ఆమెకు ఇంక ఏ వాసనా తెలియలేదు. మళ్ళీ ఆమె వాసన మాట ఎత్తలేదు. అందరికీ హాయిగా ఉంది.

బైరప్ప మాత్రం ఆ మాట విన్నాడు. తనకు తప్ప ఇంకొకరికి కూడా ఆ వాసన తగిలిందంటే అది భ్రమ కాదు. పుంగనూరు చేరాక చూద్దామనుకున్నాడు. ఆ అనుకోవడమే అతన్ని తర్వాత బతికినంత కాలం తిన్నది.

పుంగనూరులో బొగ్గు మూటలు వానకు తడిసిపోయి ఉన్నాయి. పొడి బొగ్గు కోసం హనుమంతు ఊళ్ళోకి పోయాడు. జనం దిగి కాఫీ హోటలు చూరు కిందికి చేరారు. ఇంజను కొట్టుకుంటూనే ఉంది. బైరప్ప అంగట్లో ఒక ఊదుబత్తి కొని, వెలిగించి, అరచేయి అడ్డం పెట్టుకుని బస్సు చుట్టూ తిరిగాడు. ముందు పొయ్యి మూత దగ్గర పట్టాడు. ఊదుబత్తి పొగ కదలకుండా నిటారుగా లేచింది. మూత బాగానే ఉంది. పొగగొట్టం కొస దగ్గర పట్టాడు. అక్కడి పొగంతా గాలికి దూరంగా కొట్టుకుపోయింది. అదీ కాదు. గోనెపట్టా పరుచుకుని బురదలో బస్సు కిందికి దూరాడు.

అదే సమయానికి విక్టర్ గ్లాసులో వేడి పాలు తెచ్చి దుప్పటి ఎత్తి చూశాడు. ప్రభావతి కళ్ళు మూసుకుని ఉంది. దగ్గు లేదు. ఎన్ని నెలలుగానో సున్నం కొట్టినట్టుండే బుగ్గలు ఎర్రగా తేరాయి. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. చూరు కింద ఉన్నవాళ్ళ దగ్గరికి వచ్చి ఎవరూ అడగకుండానే చెప్పాడు.

"నిద్రపోతాండాది. మొగంలో రంగు వచ్చినాది సూడండి. రాత్రంతా దగ్గుతానే ఉండె."

ఆమెకు చలిగాలి సోకకూడదని దుప్పటి అంచు బల్ల కింద దోపి మరీ వచ్చానని కూడా చెప్పాడు.

బస్సు కింద బైరప్ప ఊదుబత్తిని పొగగొట్టం పొడుగునా జరుపుతూ పోయాడు. ఒకచోట దాని పొగ ఇంజను దెబ్బ దెబ్బకూ ఎగిరెగిరి పడింది. గొట్టం పైభాగం చీలి ఉంది. బస్సు పరుగులో ఉంటే ఆ చీలికలోంచి వచ్చే ఇంజను పొగను గాలి ఈడ్చుకుపోతుంది. నిలబడితే పోయే దారి లేక పైకి లేస్తుంది. పైకి లేచి ఎక్కడికి పోతోందో చూశాడు. నేల చెక్కలో నాలుగు బెజ్జాలు. వెనక పొయ్యి తగిలించిన రోజు బల్లను ముందుకు జరిపారు. పాత బోల్టులు పీకేసి బెజ్జాలు మూయడం మరిచారు. ఊదుబత్తి పొగ ఆ బెజ్జాల్లోకే దూరుతోంది. వాటి పైన ఎవరున్నారో బైరప్పకు గుర్తొచ్చింది.

బురదలోంచి లేచి, ఇంజను ఆపేసి, దుప్పటి కిందనుంచి దూరాడు.

"లేపొద్దప్పా, ఇప్పుడే నిద్ర పట్టినాది," అంటూ విక్టర్ పరిగెత్తుకొచ్చాడు.

బైరప్ప వినలేదు. ఆమెను చేతుల మీద మోసుకొచ్చి చూరు కింద బల్ల మీద పడుకోబెట్టాడు. మొహాన నీళ్ళు చల్లారు, అరికాళ్ళు రుద్దారు. ప్రభావతి లేవలేదు.

ఇంజను ఆగిపోయిన వీధిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. "క్షయ గదా," అని ఎవరో గొణిగారు. బొగ్గు మూటతో వచ్చిన హనుమంతు, గొట్టం చీలిన సంగతి బైరప్ప నోట విని అతని చెవిలో అన్నాడు. "రోగమనే ఉండనీ. నువ్వు నోరు తెరిస్తే నీ లైసెన్సు పోతాది."

విక్టర్ ఆమె చెంప నిమురుతూ కూర్చున్నాడు. "దేవుడు మేలు చేసినాడు. పొయ్యే ముందర తేరుకునింది. ఎంత కళగా ఉండాదో సూడప్పా."

ఆ మాట కూడా లాగేసుకుంటే అతనికి ఇంకేమీ మిగలదని బైరప్పకు తెలుసు. అయినా అబద్ధం మీద మనిషిని పాతిపెట్టడానికి అతనికి మనసొప్పలేదు.

"అది తేరుకునేది కాదు పంతులయ్యా. బొగ్గు పొగకు పోయినోళ్ళ మొగాలు అట్లనే ఎర్రబడతాయి. మా ఊరి బట్టీ కాడ సూసినాను. ఆయమ్మను రోగం సంపలా. నా బస్సు సంపినాది."

విక్టర్ బస్సు వైపు చూశాడు.

"దుప్పటి కట్టినోణ్ణి నేనే. పొగ పోకుండా అంచు గూడా దోపినాను."

లేచి పోయి ముళ్ళు విప్పబోయాడు. వాన చెమ్మకు బిగుసుకున్న ముడి అతని వేళ్ళకు లొంగలేదు. దేవరాజులు వచ్చి రెండో కొస అందుకున్నాడు. ముక్కుకు కండువా లేదు. ఇద్దరూ కలిసి దుప్పటి దింపి తెచ్చి ఆమె మీద కప్పారు. బస్సు పక్కల తెరలన్నీ జనమే ఎత్తి కట్టేశారు. గాలి లోపలికి ధారాళంగా వచ్చింది. శానిటోరియంలో మంచం సాయంత్రందాకా ప్రభావతి పేరు మీదే ఉంది.