బంపరు మీది బరువు

ఓరిన్ ట్వెటన్ సామాను పెట్టుకునే ఇనప క్యారియర్‌ని ఒక్క మధ్యాహ్నంలో బిగించేశాడు. పికప్ ట్రక్కుకి తగిలించి లాక్కెళ్ళే ఇంటి ట్రైలర్ వెనక బంపరుకి క్లాంపులు వేసి, బోల్టులు గట్టిగా తిప్పి, దాని మీద జనరేటరూ పెట్రోలు డబ్బాలూ పెట్టి పట్టీలతో కట్టాడు. అంత తొందర భార్య లవోన్ కోసమే. నిద్రలో ఆమెకి ఊపిరి ఆగిపోతుంటుంది. ముక్కుకి గొట్టం తగిలించుకునే మిషను లేకపోతే పడుకోలేదు. చక్కెర దుంపల కోతలకి ఏటా డకోటా వెళ్ళే మాలాంటివాళ్ళకి, బండి ఆపుకున్న చోట కరెంటు ఉంటుందో లేదో వెళ్తేగాని తెలీదు. పోయినేడు లవోన్ కుర్చీలో కూచునే తెల్లవార్చిన రాత్రులున్నాయి. ఈసారి అలా జరగనివ్వనని ఓరిన్ పట్టుబట్టాడు.

లవోన్ చెల్లెలు గ్లెండాకి కూడా ఆ కోతల్లోనే పని. తన పాత కారులో వాళ్ళ వెనకే రావాలని వచ్చింది. క్యారియర్ అంచు మీద మోచెయ్యి ఆనించి నొక్కి చూసింది. బంపరు కాస్త మెలితిరిగింది.

"బావా, ఇది రేకు గొట్టం. లోపల మురుగు పైపు దాచుకోడానికి పెట్టింది. దీని మీద జనరేటరా?"

"నువ్వెక్కి కూచోకపోతే చాల్లే, ఆగుతుంది."

"నేను కూచుంటే నీ పికప్ వెనక చక్రాలు గాల్లోకి లేస్తాయి. నవ్వులాట కాదు బావా, ఇట్లాంటివి కిందుండే చాసీ చట్రానికి బిగించాలి. పోనీ జనరేటర్ పికప్‌లో పెట్టు."

"పికప్ నిండా సామానే. గాలి లేవకముందే పోదాం పదండి."

తన కోసం చేసిన పనికి తనే వంక పెట్టడం లవోన్‌కి చేతకాలేదు.

మైదానంలోకి వచ్చేసరికి గాలి లేచింది. ఫోన్లు పనిచెయ్యని దారి కాబట్టి రెండు బండ్లలోనూ వాకీటాకీలున్నాయి.

"బావా, నీ క్యారియర్ కిందికి వాలినట్టు కనిపిస్తోంది," అంది గ్లెండా.

ఓరిన్ విసుక్కుంటూనే ఆపి, దిగి చూశాడు. బోల్టులు కదల్లేదు. పట్టీలు ఇంకాస్త బిగించి వచ్చి కూచున్నాడు. బంపరు చాసీకి అతికిన చోట వెల్డింగు ఎలా ఉందో వంగి చూడలేదు.

మిస్సోరీ నది దగ్గరికొచ్చేసరికి రోడ్డు పొడుగాటి పల్లంలోకి దిగుతుంది. ఒకపక్క కొండ చెక్కిన గోడ, ఇంకోపక్క ఇనప కమ్మీ. బండి పక్కకి తియ్యడానికి చోటు లేదు. సగం దిగేసరికి పికప్ వెనకభాగం తేలికైపోయింది. వెనక బరువుకి ట్రైలర్ ముక్కు పైకి లాగుతోంది. గాలి ఒక్క తోపు తోసింది. ట్రైలర్ తోక కుడికి వెళ్ళింది, ఎడమకి వచ్చింది, మళ్ళీ ఇంకా దూరం కుడికి వెళ్ళింది. దాంతోపాటు పికప్‌ని కూడా ఈడుస్తోంది. ఓరిన్ కాలు బ్రేకు మీదికి పోయింది.

"బ్రేకు తొక్కకు," అంది లవోన్. ఏళ్ళ తరబడి బడి బస్సు నడిపిన మనిషి. గొంతు పెంచలేదు. "స్టీరింగు తిప్పకు, తిన్నగా పట్టుకో. యాక్సిలరేటర్ వదిలెయ్. చేత్తో ట్రైలర్ బ్రేకు ఒక్కటే నొక్కు."

స్టీరింగు కింద ట్రైలర్‌ని మాత్రమే ఆపే మీట ఉంది. అతని వేళ్ళు దాన్ని వెతుక్కుని నొక్కాయి. ట్రైలర్ ఒళ్ళు విరుచుకున్నట్టు సాగి, మెల్లగా దారికొచ్చింది.

అప్పుడే వాకీటాకీ గరగరలాడింది.

"బావా, ఒకపక్క తెగిపోయింది. రోడ్డుకి రాసుకుంటోంది, నిప్పురవ్వలొస్తున్నాయి. నా వెనక గడ్డి లారీ ఉంది. ఆగితే నన్ను గుద్దేస్తాడు."

నిప్పురవ్వల పక్కనే పెట్రోలు డబ్బాలున్నాయి. ఓరిన్ ఆపితే గ్లెండా వచ్చి వాటికే తగులుతుంది. ఆపకపోతే అవి ఆమె ముందు పడతాయి. లవోన్ వాకీటాకీ అందుకుంది.

"గ్లెండా, నాలుగు ఇండికేటర్లూ వెయ్యి. కొంచెం కొంచెం వెనక్కి తగ్గు. లారీవాడికి అర్థమవుతుంది. మేం ఆగట్లేదు."

"తగ్గుతున్నానక్కా."

తర్వాత ట్రైలర్ వెనక పెద్ద చప్పుడైంది. బరువు తెగిపోయి పికప్ ఒక్కసారి ముందుకి ఊగింది. అద్దాల్లో ట్రైలర్ పక్కలు తప్ప ఏమీ కనిపించలేదు. లవోన్ చెల్లెల్ని పిలిచింది. మళ్ళీ పిలిచింది. జవాబు లేదు.

పల్లం కింద కాస్త వెడల్పు దొరగ్గానే ఓరిన్ ఆపాడు. బండి పూర్తిగా నిలవకముందే లవోన్ దూకి ఎత్తుకి ఎదురు పరిగెత్తింది. ఓరిన్ కూడా వెనకే పరిగెత్తాడు. పెట్రోలు వాసన ముందు తగిలింది. మలుపు తిరిగితే రోడ్డు మధ్యలో పక్కకి పడిపోయిన జనరేటర్, దానికి అవతల అడ్డంగా ఆగిన లారీ, కొండ గోడకి ఒరుసుకుని నిలిచిన గ్లెండా కారు కనిపించాయి. లారీ డ్రైవరు ఎర్ర గుడ్డ ఊపుతూ వెనక బండ్లని ఆపుతున్నాడు. గ్లెండా గోడకి వీపు ఆనించి నిలబడుంది.

"వాకీటాకీ సీటు కిందికి పోయింది," అంది. "వెతుక్కునే తీరిక దొరకలేదు."

లవోన్ ఆమెని పట్టుకుని వదల్లేదు. ఓరిన్ కొంచెం దూరంలో ఆగిపోయాడు.

"పొద్దున్న నీ మాట వినుండాల్సింది," అన్నాడు. "నిన్ను వెనక పెట్టుకుని..."

"ఇవాళ నన్ను పలకరించకు బావా. రేపు తిడతాను."

ఆ రాత్రి దగ్గరి ఊళ్ళో కరెంటున్న చోట దిగారు. మర్నాడు వెల్డింగు షాపులో ఓరిన్ ట్రైలర్ కింద దూరి చూశాడు. తుప్పు పట్టిన సన్నని అతుకు కాగితంలా చిరిగుంది. షాపువాళ్ళు చాసీ రెండు కమ్ములకీ అడ్డంగా దిట్టమైన ఇనప దూలం బిగించారు. దానికి కొత్త క్యారియర్ తగిలించి, మడత కుర్చీలు మాత్రం పెట్టుకోమన్నారు. మళ్ళీ కొన్న జనరేటర్ పికప్‌లోకి వెళ్ళింది. దానికి చోటివ్వడానికి ఓరిన్ తన చేపలు పట్టే సరంజామా అంతా అమ్మేశాడు. గ్లెండా అతన్ని ఊరు దాటేదాకా వాకీటాకీలో తిట్టి, తర్వాత తన కారుని వాళ్ళ బండికి ముందుకి తీసుకెళ్ళింది.

వాళ్ళు కోతలకి ఆలస్యంగానే చేరారు. దిగిన సాయంత్రమే ఓరిన్ టార్చిలైటు పట్టుకుని మా ట్రైలర్ల వెనక ఒక్కొక్కదాని కిందా వెల్లకిలా పడుకుని చూశాడు. వెనక బంపరు మీద సైకిళ్ళు కట్టిన నా ట్రైలర్ కింద చాలాసేపు ఉన్నాడు.

"ఆ సైకిళ్ళు దించెయ్యి," అన్నాడు బయటికొచ్చి.

దించేశాను.