తోమా మాస్టారి కునుకు

చిలకలూరిపేటలో ‘పేట కబురు’ వారపత్రికకు సంపాదకుడు, విలేకరి, ప్రకటనల ఏజెంటు అన్నీ హయాతే. వార్తలన్నీ ఫోన్లలోనే దొరికే ఈ రోజుల్లోనూ జనం దాన్ని కొంటున్నారంటే కారణం ఒక్కటే. “కబురులో వచ్చిందంటే నిజమేరా” అన్న పేరు. ఆ పేరు పోతే మర్నాడే షట్టరు దించుకోవాలి.

ఆ పేరుకు గుంటూరు మిర్చియార్డులో గండి పడింది.

సోమవారం ధరల కోసం యార్డుకు వెళ్ళిన హయాత్, మిర్చి బస్తాల మధ్య నిలబడి, పేజీలు కట్టే జయకుమారికి ఫోన్ చేశాడు. ముందురోజు తోమా మాస్టారు చర్చిలో ప్రసంగం జరుగుతుండగానే గురకపెట్టి నిద్రపోయారని టీ కొట్టు దగ్గర విన్నాడు. సరదా వార్తే. కానీ బళ్ళో తనకు తెలుగు చెప్పిన మాస్టారాయె, కాస్త మర్యాదగా చెబుదామనుకున్నాడు.

“జయా, మన తోమా మాస్టారు...” ఘాటు గొంతు పట్టేసింది. ముక్కు ఎగబీల్చాడు. “నిన్న చర్చిలో... ప్రభువు సన్నిధిలో... నిద్రపోయారమ్మా. బాక్సు కట్టి వెయ్యి.” తుమ్మొచ్చి ఫోను పెట్టేశాడు.

పత్రికలో బాక్సంటే వార్త చుట్టూ గీసే గీతలు. ప్రభువు సన్నిధిలో నిద్రపోవడమంటే మాత్రం చర్చికెళ్ళే జయకుమారి ఇంట్లో ఒకటే అర్థం, కన్నుమూయడం. ఆ ఆదివారం ఆమె కనిగిరిలో పుట్టింట్లో ఉంది, జరిగింది తెలియదు. పైగా సారు వెక్కి వెక్కి ఏడుస్తున్నారు! తనూ కళ్ళు తుడుచుకుని, నల్ల బాక్సు కట్టి, మాస్టారి ఫోటో పెట్టి, ‘ప్రభువునందు నిద్రించిన తోమా మాస్టారు’ అని వేసింది.

మర్నాడు పొద్దున పేపరు విప్పిన హయాత్‌కు తాగే టీ పొలమారింది. స్కూటరు మీద మాస్టారింటికి పరుగెత్తాడు.

వాకిట్లో అప్పటికే షామియానా లేచింది. వరండాలో మాస్టారు మెడలో బంతిపూల దండతో కూర్చుని ఉప్మా తింటున్నారు. పక్కన ఆదాం. చర్చి హార్మోనియం ఎవరు వాయించాలన్న తగువులో మాటలు మానుకున్న పాత స్నేహితుడు.

“రారా హయాతూ! చంపినవాడివి, దండైనా తెచ్చావా?” అన్నారు మాస్టారు.

“పోయాడని ఏడుస్తూ వచ్చాను,” అన్నాడు ఆదాం. “వస్తే ఉప్మా తింటన్నాడు. వచ్చినోణ్ణి మళ్ళీ అలిగి పోలేనుగా!”

హయాత్ కాళ్ళ మీద పడ్డాడు. “క్షమించండి మాస్టారూ. పొరపాటైంది.”

“చంపినందుకు కాదురా నా కోపం. నీ పేపర్లో ఇది చూడు, ‘విద్యార్ధులు’ అట! థకి ధ వేస్తే నేను నిజంగానే పోతాను.” అంతలోనే గొంతు తగ్గించారు. “అయినా నేనింత మంచివాణ్ణని ఇవాళే తెలిసిందిరా. ఉన్నన్నాళ్ళూ ఒక్కడూ చెప్పలేదు.”

హయాత్‌కు నవ్వు రాలేదు. “ఇక కబురును ఎవరు నమ్ముతారండీ? మూసేసుకోవడమే.”

మాస్టారు ఉప్మా ప్లేటు పక్కన పెట్టారు. “నేను చర్చిలో నిద్రపోయానా, లేదా?”

“పోయారు.”

“గురక కూడా పెట్టాడు,” అన్నాడు ఆదాం.

“నువ్వుండరా. అది ప్రభువు సన్నిధేనా?”

“అవునండీ.”

“మరి కబురు అబద్ధం ఎక్కడ రాసింది? నేనెప్పుడు లేచానో రాయలేదు, అంతే. అది కూడా రాయి. ఒత్తులు చూసుకుని రాయి!”

ఆ సాయంత్రమే ఒక్క పేజీ ప్రత్యేక సంచిక వచ్చింది. ‘ప్రభువునందు నిద్రించిన తోమా మాస్టారు పాస్టరుగారి ఆఖరి ఆమెన్‌కు లేచారు. కులాసాగా ఉన్నారు. విద్యార్థులు వచ్చి చూడవచ్చు.’ బస్టాండులో జనం నవ్వుకుంటూ కొన్నారు. ఎవరో పక్కవాడితో, “కబురులో వచ్చిందిగా, నిజంగానే లేచుంటాడురా” అనడం విని, రేపు కూడా షట్టరు ఎత్తొచ్చనుకున్నాడు హయాత్.

ఆ పేజీ కట్టేటప్పుడు జయకుమారి ఒక్కటే అడిగింది.

“సార్, బాక్సు కట్టనా?”

“వద్దమ్మా, నీకు దణ్ణం పెడతా!”