ఆయన ఫోన్‌లోకి రాని కెమెరా

ఆ రోజు పొద్దున ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఉంది. వానా పడలేదు, ఎండా రాలేదు. బట్టలు బయట వెయ్యాలా లోపల వెయ్యాలా అని బకెట్టు పట్టుకుని బాల్కనీలో నిలబడి ఉంటే, కింద పార్కింగ్‌లోంచి ఆయన పిలిచాడు. "ఇదిగో, ఒకసారి కిందికి రా" అన్నాడు. ఏదో పాడైందనీ, అది నా వల్లే పాడైందనీ ఆ పిలుపులోనే వినబడింది.

కారు వెనక తలుపు మీద గీత. తాళంచెవితో గీసినట్టు సన్నగా, పొడుగ్గా ఉంది. ముందు రోజు అత్తయ్యను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది నేను. ఆసుపత్రి ముందు చోటు లేక పక్క సందులో పెట్టాను. ఆయన గీత మీద వేలు పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా మెల్లగా జరిపాడు. పెట్టే ముందు అటూ ఇటూ చూసుకోవాలి కదా అన్నాడు. పెట్టే ముందు చూస్తే ఏం కనబడుతుంది, గీసేవాడు పెట్టాక కదా వస్తాడు అనుకున్నాను. పైకి అనలేదు. ఆయన కోప్పడే మనిషి కాదు. నిట్టూరుస్తాడు. కోపానికైతే ఎదురు చెప్పొచ్చు. నిట్టూర్పుకి ఏం చెబుతాం.

"ఫోన్‌లో చూసుకునే కెమెరాలు వచ్చాయట. కారు ఎక్కడ ఆగి ఉన్నా మనం కూర్చున్న చోటి నుంచే చూడొచ్చట. లోపలా బయటా రెండూ కనబడేది ఒకటి చూడు. ఈసారి నువ్వు తీసుకెళ్ళినా నేను ఆఫీసులోంచి ఓ కన్నేసి ఉంచుతా" అన్నాడు.

మా ఇంట్లో 'చూడు' అంటే చూడటం కాదు. పది చోట్ల అడగాలి, ఏది మంచిదో తేల్చాలి, కొనాలి, బిగించాలి, అది ఎలా పనిచేస్తుందో నేర్చుకోవాలి, నేర్చుకున్నది ఆయనకి రెండు ముక్కల్లో చెప్పాలి, చెడిపోతే నువ్వు తెచ్చిందేగా అనిపించుకోవాలి. బట్టలుతికే మిషను అలాగే వచ్చింది. నీళ్ళు వడకట్టే మిషను అలాగే వచ్చింది. అత్తయ్యకి షుగర్ ఎంతుందో చూసే చిన్న మిషను కూడా అలాగే వచ్చింది. ఆ చివరిదాన్ని ఆయన ఇంతవరకు ముట్టుకోలేదు. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయట. "నీకు ఓపిక ఎక్కువ, నువ్వే నయం" అంటాడు. ఓపిక నాకు పుట్టుమచ్చలాగా పుట్టుకతో వచ్చిందని ఆయన నమ్మకం.

అదే వారం నా నెత్తిన ఇంకొకటి ఉంది. నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. మా ల్యాబ్ నడిపే ఆవిడని అందరం పెద్దావిడ అంటాం. ఆవిడ నన్ను లోపలికి పిలిచి, సాయంత్రం విభాగం నీకు అప్పజెబుదామనుకుంటున్నాను అంది. వారంలో మూడు సాయంత్రాలు ఆలస్యంగా ఉండాలి. శనివారంలోగా చెప్పమంది. నువ్వు కాదంటే మొన్న చేరినతన్ని పెడతాను, అతనికి సూది పట్టుకోవడం నేర్పింది నువ్వే, రేపటి నుంచి అతను సంతకం పెడితేగాని నీ రిపోర్టు బయటికి పోదు, అది కూడా ఆలోచించుకో అంది.

ఇంట్లో చెప్పాను. ఆయన సంతోషించాడు. నిజంగానే సంతోషించాడు, ఆ మాట అనకపోతే అబద్ధం ఆడినట్టు. తర్వాత కంచంలో చెయ్యి అలాగే ఉంచి, అమ్మకి ఆ పూట ఇంజక్షన్ ఎవరు ఇస్తారు, పాప లెక్కలు ఎవరు చూస్తారు అన్నాడు. నేను ఇల్లు చేరేసరికి ఎంతవుతుందో నీకు తెలుసు, ఆ ట్రాఫిక్‌లోనే సగం ప్రాణం పోతుంది అన్నాడు. "నేను వద్దనట్లేదు. నువ్వే ఆలోచించు."

'ఆలోచించు' కూడా 'చూడు' లాంటిదే.

అత్తయ్య తన గదిలోంచి అందుకుంది. వాడు నీతో కంటే ఆ రోడ్డుతోనే ఎక్కువ కాపురం చేస్తున్నాడే తల్లీ, ఇంటికొచ్చేసరికి మొహం వాడిన తోటకూర కాడలా ఉంటుంది, ఇంకా వాడి మీద ఏం వేస్తావు అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. నాకూ ఆయన మీద జాలే. పొద్దు గుంకాక ఎంతసేపటికో వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ గోడకి చెయ్యి ఆనించే మనిషిని చూస్తే ఎవరికి జాలి వెయ్యదు? ఆయన వచ్చే వేళకి పాపని అల్లరి చెయ్యనిచ్చేదాన్ని కాదు. కూర మళ్ళీ వెచ్చబెట్టేదాన్ని. ఒక మనిషి దారిలో నలిగి వస్తుంటే ఇంట్లో ఉన్నదానికి అలసట అనే మాట నోటికి రాదు. అందుకని ఆ మాట నేను ఎన్నడూ అనలేదు. పెద్దావిడకి ఏం చెప్పాలో కూడా మనసులో కూర్చుకున్నాను. ఇంట్లో కుదరదండీ, మరోసారి చూద్దాం. ఆ మాటని బస్సులో రెండు మూడు రకాలుగా అని చూసుకున్నాను. ఎలా అన్నా ఒకేలా ఉంది.

కెమెరా మాత్రం చూశాను. మధ్యాహ్నం తిండి వేళ ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఫోన్ తిప్పుతూ చూశాను. తీసింది తనలోనే దాచుకునే రకం ఒకటి. అందులోంచి చిప్పు ఊడదీసి తర్వాత చూసుకోవాలి. దొంగ పోయాక చూసి ఏం లాభం? ఇంకో రకంలో సిమ్ ఉంటుంది. కారు ఆగి ఉన్నప్పుడు నిద్రపోయినట్టు ఉండి, తలుపు తెరిచినా, ఎవరైనా తగిలినా లేచి ఫోన్‌కి కబురు పంపుతుంది. అప్పుడు అక్కడ జరుగుతున్నది ఇక్కడ చూడొచ్చు. రాత్రంతా మేలుకుని ఉంటే కారు బ్యాటరీని పీల్చేస్తుందేమో అని నా భయం. సీటు కవర్లు కుట్టే వీధిలో ఒక బిగించేవాడు ఉన్నాడు. బ్యాటరీ తగ్గగానే తనంతట తనే ఆగిపోయేది ఉందండీ, అది తీసుకోండి అన్నాడు. మంచి మాట చెప్పాడు. నాకు సెలవున్న రోజు కారు అతని దగ్గరికి తీసుకెళ్ళాను.

అతను అద్దం దగ్గర వైర్లు దూరుస్తూ, లోపలివైపు కన్ను కూడా పెట్టమంటారా అని అడిగాడు. పెట్టమన్నాను. చాలామంది అది వద్దంటారు మేడమ్ అన్నాడు. ఎందుకని అడిగాను. అతను కాసేపు వైరు చుట్టాడు.

"ఏముంది మేడమ్. కారు ఆపుకుని కాసేపు ఒంటరిగా కూర్చునేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి ఇబ్బంది."

నాకు అది వింతగా తోచింది. ఆగిన కారులో కూర్చోవడం ఏమిటి? ఆగితే దిగాలి. నేను కారులో ఎక్కడమో దిగడమో తప్ప ఊరికే కూర్చున్న గుర్తు లేదు. ఆ మాటకొస్తే ఎక్కడా లేదు.

కలపడానికి ఫోన్ అడిగితే నాది ఇచ్చాను. ఇంకో ఫోన్‌కి కూడా కలుపుకోవచ్చు, తేలికే అని చూపించాడు. ఆ పూట ఆయనకి చెప్పాను. ఇప్పుడు ఓపిక లేదు, తీరిక చూసుకుని నా దాంట్లో పెడుదువుగాని, ఈలోగా నువ్వు నేర్చుకో అన్నాడు. ఏ వస్తువైనా తన చేతిలోకి వచ్చినప్పుడే పని మొదలుపెడుతుందని ఆయన లెక్క. కెమెరా తన ఫోన్‌లోకి రాలేదు కాబట్టి అది ఇంకా కళ్ళు తెరవలేదనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం పొయ్యి మీద కూర ఉడుకుతోంది. పాప వంటింటి గుమ్మంలో కూర్చుని భాగహారం చేస్తోంది. అత్తయ్య ఇంజక్షన్ వేళయిందా అని అడుగుతోంది. ఫోన్ గుర్రుమంది. కారు తలుపు తెరుచుకుందని కబురు. మళ్ళీ ఎవడు చెయ్యి వేశాడో, ఈసారి నేను తీసుకెళ్ళను కూడా లేదు, ఆయనే ఆఫీసుకి తీసుకెళ్ళాడు కదా అనుకుంటూ తడిచెయ్యి చీరకి తుడుచుకుని తెరిచాను.

మా పార్కింగే. రంగు ఊడిన మా స్తంభమే. గొళ్ళెం లేని మీటరు పెట్టె కూడా కనబడుతోంది. లోపలి బొమ్మ నొక్కాను. ఆయన. వెనక సీట్లోంచి సంచి తీసుకుని మళ్ళీ ముందుకొచ్చి కూర్చుని తలుపు వేసుకున్నాడు.

నాన్న వచ్చేశారే అన్నాను పాపతో. పాప పెన్సిలు పడేసి గుమ్మం దగ్గరికి పరిగెత్తింది. కూర దింపాను. మంచినీళ్ళు పెట్టాను. ఎంతసేపటికీ మెట్ల మీద చప్పుడు లేదు. పాప తిరిగొచ్చి, ఎక్కడమ్మా అంది. మళ్ళీ చూశాను. బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నాడు. సీటు వెనక్కి వాల్చుకున్నాడు. సంచిలోంచి ఏదో పొట్లం తీసి, ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్నాడు. ఫోన్‌లో ఏదో చూసి నవ్వుతున్నాడు. భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

ఫోన్ చేశాను. నా ఫోన్‌లోని ఆయన తన ఫోన్ వైపు చూశాడు. లేచి కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎక్కడున్నారు?"

"ఎక్కడేముంది, ట్రాఫిక్‌లో. ఇవాళ మరీ ఘోరం. అమ్మకి ఇంజక్షన్ ఇచ్చెయ్. పాపకి పెట్టెయ్. నా కోసం చూడకు."

మాట ముందు వినబడింది, పెదాలు తర్వాత కదిలాయి. చివరి మాట నా చెవిలో అయిపోయాక కూడా ఆయన పెదాలు ఆ మాట అంటూనే ఉన్నాయి. అవి అనడం అయ్యాక మళ్ళీ వెనక్కి వాలాడు.

అత్తయ్యకి ఇంజక్షన్ ఇచ్చాను. పాప లెక్క తప్పు చేస్తే దిద్దాను. నేల తుడిచాను. మధ్యమధ్యలో చూశాను. ఇంకొక మనిషి వచ్చి ఆ పక్క సీట్లో కూర్చుంటుందేమో అని చూశాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, రావాలని కోరుకున్నాను. అలా అయితే దానికి ఒక పేరు ఉంది. పెద్దవాళ్ళు వస్తారు, అత్తయ్య ఏడుస్తుంది, నలుగురూ నా వైపు నిలబడతారో లేదోగాని జరిగిందేమిటో అందరికీ అర్థమవుతుంది. దీనికి పేరేమిటి? మనిషి తన కారులో తను కూర్చున్నాడు. అంతే. చూరు కింద నిలబడి వాన వెలిసేదాకా చూసేవాళ్ళలాగా, మా ఇంటి కింద కూర్చుని మా ఇంటి పని అయిపోయేదాకా చూస్తున్నాడు. వాడిన సూది చెత్తలో పడ్డాక, పాప పుస్తకాలు సర్దుకున్నాక, కంచాలు పెట్టాక, బూట్లు వేసుకుని, నవ్వు తీసేసి, గోడకి చెయ్యి ఆనించడానికి పైకి వస్తాడు. అన్నీ అయ్యే వేళకి కరెక్టుగా వస్తారు, మీకు ఎవరైనా కబురు పంపుతారా అని నేనే ఎన్నోసార్లు హాస్యమాడాను. ఆయన కూడా నవ్వేవాడు.

ఆయన విశ్రాంతి తీసుకున్నందుకు కాదు నా బాధ. తీసుకోనీ. ఆ కాసేపు ఎవరూ పిలవని చోట ఉండాలని ఆయనకి అనిపించింది. అలా అనిపించవచ్చని నాకు ఇన్నేళ్ళలో తట్టనే లేదు. నా బాధంతా నేను పడ్డ జాలి గురించి. రోజూ కూర వెచ్చబెట్టినట్టు ఆ జాలిని కూడా వెచ్చబెట్టి ఉంచాను. దాని కోసం పెద్దావిడకి కుదరదండీ అని చెప్పబోయాను.

ఆ పూట ఆయన వచ్చాక ఎప్పటిలాగే కూర వెచ్చబెట్టి వడ్డించాను. మర్నాడూ ఫోన్ గుర్రుమంది. మర్నాడూ ట్రాఫికే.

శనివారం పొద్దున పెద్దావిడ గదిలోకి వెళ్ళి, చేస్తానండీ అన్నాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. ఇంట్లో ఇబ్బంది లేదు కదా అంది.

"లేదండీ. మావారు త్వరగానే వస్తున్నారు" అన్నాను. అబద్ధం కాదు.

ఆ సాయంత్రం ఇంజక్షన్ అయ్యాక, లెక్కలు అయ్యాక, ఆయన వచ్చాడు. కాళ్ళు కడుక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. నలుగురికీ వడ్డించాను. ఏదో గుర్తొచ్చినట్టు జేబులోంచి ఫోన్ తీసి నా ముందుకి జరిపాడు.

"ఆ కెమెరా సంగతి ఏమైంది? తెచ్చి ఇన్ని రోజులైంది, నా దాంట్లో పెట్టనే లేదు. అసలు పని చేస్తోందా?"

చెయ్యి కడుక్కుని వచ్చి ఆ ఫోన్ తీసుకున్నాను. బిగించేవాడు చూపించినట్టే కలిపాను. కారు తలుపు తెరిచిన ప్రతిసారీ అది తీసిన బొమ్మలు వరసగా వచ్చి నిలబడ్డాయి. వాటిని చెరపడం కూడా నాకు వచ్చు. చెరపలేదు. ఫోన్ ఆయన కంచం పక్కన పెట్టాను.

"చేస్తోంది. పెట్టిన రోజు నుంచీ చేస్తోంది."

ఆయన చూశాడు. వేలితో ఒకటి నొక్కాడు. దాని వెలుతురు కింది నుంచి మొహం మీద పడింది. ఇంకొకటి నొక్కబోయి ఆగిపోయాడు. ఫోన్ బోర్లించాడు. ఏముందిరా అందులో, దొంగ దొరికాడా అంది అత్తయ్య. ఆయన నేను చెబుతానేమోనని నా వైపు చూశాడు. అత్తయ్యకి చెప్పాలని నాకు అనిపించలేదు. కంచం ముందు కూర్చున్నాను.

"సోమవారం నుంచి మూడు పూటలు నేను ఆలస్యంగా వస్తాను. ఇంజక్షన్ ఎలా ఇవ్వాలో రేపు నేర్పుతాను. మీరు కారు ఆపగానే పైకి రండి."

పాప మా ఇద్దరి మొహాలూ చూసి తల వంచుకుంది. అత్తయ్య ఏదో అనబోయింది. కొడుకు మెడ వంగి ఉండటం చూసి మానుకుంది. కాసేపటికి కూర గిన్నె కోసం చెయ్యి చాపింది. ఎవరం అందించాలో తెలియక ఇద్దరం ఆగాం. నేను కదలలేదు. ఆయనే లేచి అందించాడు. తర్వాత నలుగురం తలలు ఎత్తకుండా గిన్నెల్లో ఉన్నదంతా తిన్నాం.